ఒక నటీమణి చేవ్రాలు

నటులకు రాజకీయములతో నేమి పని? ఈ ప్రశ్న మన దేశమున తఱచుగా వినవచ్చుచుండును. తెఱమీద ప్రజలను రంజింపజేయుట వారి వృత్తి యనియు, దేశవ్యవహారములను గూర్చి పలుకుట వారి యధికారమునకు మించిన పని యనియు కొందఱు పెద్దలు తీర్పు చెప్పుచుందురు. అయితే ప్రభుత్వమును పొగడుటకై నటుడు వేదిక యెక్కినపుడు ఈ పెద్దలకు తమ తీర్పు జ్ఞప్తికి రాదు. అప్పుడది దేశసేవ యగును. అదే నటుడు ప్రభుత్వము నాక్షేపించినచో అధికప్రసంగ మగును. ఈ ద్వంద్వనీతి మన యొక్కరిదే కాదు. స్వేచ్ఛకు పుట్టినిల్లని పేరొందిన ఫ్రాన్సు దేశమునను ఇది చెల్లినది. ఆ దేశపు నటీమణి యొకతె ఈ ప్రశ్నకు తన జీవితముతో సమాధానము చెప్పినది. ఆమె పేరు సిమోన్ సిన్యోరే. ఆమె చరిత్రము తెలుగు పాఠకులు తెలిసికొనదగిన దని మా యభిప్రాయము.

1960 వ సంవత్సరము ఏప్రిల్ 4 వ తేదీన ఆమెకు అమెరికాలో ఉత్తమ నటికిచ్చు ఆస్కారు బహుమానము లభించెను. ఆనాడామెతో పోటీలో నిలిచినవారు డోరిస్ డే, ఆడ్రీ హెప్‌బర్న్, కేథరిన్ హెప్‌బర్న్, ఎలిజబెత్ టేలరు. హాలీవుడ్డు లోకపు మహారాణు లనదగిన ఈ నలువురను కాదని, ఆంగ్లేయుల చిత్రమున నటించిన ముప్పదితొమ్మిదేండ్ల ఫ్రెంచి స్త్రీకి ఆ గౌరవము దక్కెను. తన వృత్తిలో నింతకన్న నెత్తైన మెట్టు లేదు. అట్టి మెట్టుమీద నున్నవారు సాధారణముగా కాలు కదపరు. ఈమె ఐదు నెలలు తిరుగకముందే, తన ప్రభుత్వము రాజద్రోహముగా నెంచిన యొక ప్రకటనపై చేవ్రాలు చేసెను. ఆ చేవ్రాలు ఎట్టిదో తెలియుటకు ఆమె జీవితమును మొదటినుండి పరిశీలింపవలెను.

సిమోన్ 1921 వ సంవత్సరము మార్చి 25 వ తేదీన జర్మనీయందలి వీస్బాడెన్ నగరమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఫ్రెంచి సేనలు రైను నదీప్రాంతమును ఆక్రమించియున్న కాల మది. తండ్రి ఆంద్రే కామింకేర్ ఆ సేనలో నుద్యోగి. పోలెండునుండి వచ్చిన యూదుల వంశమువాడు. తల్లి జార్జెత్ సిన్యోరే ఫ్రెంచి కేథలిక్కు కుటుంబపు బిడ్డ. తండ్రి బహుభాషావేత్త, అంతర్జాతీయ సభలలో దుబాసిగా పేరు గడించెను. 1934 లో హిట్లరు చేసిన యుపన్యాసమును ఫ్రెంచి రేడియోలో అప్పటికప్పుడు తర్జుమా చేసి వినిపించినవా డాయనయే. బాలిక పారిసు ప్రక్కనున్న న్యూయీ పట్టణమున, పుస్తకములు నిండిన మధ్యతరగతి గృహమున పెరిగెను. ఆంగ్లమును లాటినును చక్కగా నేర్చెను.

తన దేశపు సేన పొరుగుదేశమును ఆక్రమించియుండగా పుట్టిన బిడ్డ, ఆ పొరుగుదేశపు సేన తన దేశమును ఆక్రమించియుండగా యౌవనమున నడుగు పెట్టెను. 1940 లో ఫ్రాన్సు కూలిపోయినది. తండ్రి ఇంగ్లండునకు తప్పించుకొనిపోయి ద గోల్ పక్షమున చేరెను. తల్లియు, ఇద్దఱు చిన్న తమ్ములును ఈమెమీద నాధారపడిరి. పందొమ్మిదేండ్ల పిల్ల కుటుంబభారము నెత్తికెత్తుకొని పారిసులో పని వెదకెను. పాఠములు చెప్పెను, టైపు కొట్టెను. ఆ పని దొరికిన చోటు విషమమైనది. ఆమె పాఠశాలలోని సహాధ్యాయిని కొరీన్ లూషేర్ అప్పటికే తార. ఆ తార తండ్రి జాఁ లూషేర్ జర్మనులకు తొత్తై పత్రిక నడుపుచుండెను. ‘లే నూవో తాఁ’ అను నా దినపత్రిక కార్యాలయమున సిమోన్ కొన్ని నెలలు గుమాస్తాగా పనిచేసెను. దేశద్రోహ నేరమునకు ఆ సంపాదకుడు 1946 లో మరణదండన పొందినాడు.

ఈ సంగతిని మేమేల వ్రాయుచున్నాము? మహనీయుల జీవితములను వ్రాయువారు ఇట్టి పుటలను సాధారణముగా చించివేయుదురు. సిమోన్ తన పుటను తానే విప్పి చూపినది. 1976 లో ప్రకటించిన స్వీయచరిత్రమున ఆ యుద్యోగమును గూర్చి దాచక వ్రాసెను. ఒక యూదుని కుమార్తె, లండనునకు పోయిన దేశభక్తుని కుమార్తె, శత్రువు పత్రికలో జీతము పుచ్చుకొనుట ఎంత చిత్రమైన విషయమో ఆమె యెఱుగును. ఆకలి యొక కారణము. అజ్ఞాన మొక కారణము. ఈ రెంటిని చెప్పెనే గాని సాకుగా వాడుకొనలేదు. మన స్వాతంత్ర్యోద్యమమునకు చెందినవారిలోను సర్కారు కొలువున కొన్నాళ్లుండి పిదప బయటపడిన వారెందఱో కలరు. ఆ కొన్నాళ్లను గూర్చి నిజము చెప్పినవారు మాత్రము అరుదు.

1941 లో ఆమె ఆ కొలువు విడిచెను. పారిసులో సాఁ జర్మేన్ వీథియందు ‘కఫే ద ఫ్లోర్’ అను కాఫీశాల యొకటి కలదు. రచయితలు, చిత్రకారులు, నటులు, పరదేశములనుండి పారిపోయి వచ్చినవారు, వామపక్షులు అక్కడ చేరుచుండిరి. బొగ్గు దొరకని ఆ చలికాలములలో వెచ్చగా కూర్చుండదగిన చోటును అదియే. తాను నిజముగా పుట్టినది ఆ కాఫీశాల బల్లమీదనే యని ఆమె తఱువాత వ్రాసికొనెను. అచ్చటనే నటనమున కాశ పుట్టినది. కాని కామింకేర్ అను పేరుగలవారికి, యూదుల రక్తము గలవారికి, ఆ కాలపు చట్టముల ప్రకారము నటించుటకు అనుమతిపత్రము దొరకదు. అందుచే తల్లి యింటిపేరు పెట్టుకొని సిన్యోరే యయ్యెను. గుంపులో నొకతెగా, మాటలేని వేషములతో, పేరు పడని పాత్రలతో ఆమె తన విద్యాభ్యాసము గావించెను. 1942 లో మార్సెల్ కార్నే తీసిన ‘రాత్రి అతిథులు’ చిత్రమున ఆమె యట్లు గుంపులో కానవచ్చును.

యుద్ధకాలముననే దర్శకుడు ఈవ్ అలెగ్రేతో ఆమె జీవితము ముడివడెను. 1946 లో కుమార్తె కేథరిన్ పుట్టెను. అదే సంవత్సరపు ‘మకాదామ్’ చిత్రముతో పేరు వచ్చెను. 1948 లో ‘దెదే దాన్వేర్’ చిత్రముతో ఆ పేరు స్థిరపడెను. 1949 ఆగస్టులో దక్షిణ ఫ్రాన్సునందలి సాఁ పోల్ ద వాఁస్ గ్రామమున గాయకుడు ఈవ్ మోంతాన్‌ను కలసికొనెను. అతడు ఇటలీలో ముస్సోలినీ పాలనకు తాళలేక ఫ్రాన్సునకు వలసవచ్చిన పేద కుటుంబపు బిడ్డ. కార్ఖానాలలో చెమటోడ్చి పైకి వచ్చినవాడు. 1951 డిసెంబరులో వారు వివాహమాడిరి. ఆ దాంపత్యములో తుపానులు లేకపోలేదు. 1960 లో మోంతాన్, మెరిలిన్ మన్రోల సంగతి లోకమంతయు చెప్పుకొన్నది. ఆ దినములలో పత్రికలు ఆమె గుమ్మమువద్ద కాచుకొనియున్నను ఆమె మన్రోను తూలనాడలేదు. అంతకుమించి ఆ విషయమున మేము వ్రాయబోము.

ఇక నామె నటనమును గూర్చి రెండు మాటలు. భరతుడు అభినయమును నాలుగు విధములుగా విభజించెను: ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము. సినిమాలోకము ఆహార్యమునకు దాసి. వస్త్రము, ఆభరణము, ముఖమునకు పూసిన రంగు, దీపపు వెలుగు, వీనితోనే తారలను తయారుచేయుట దాని యలవాటు. సిన్యోరే బలము సాత్త్వికమున నున్నది. 1952 లో జాక్ బెకేర్ తీసిన ‘కాస్క్ దోర్’ చూడుడు. గత శతాబ్దారంభమున పారిసు పేటలలో జరిగిన యథార్థగాథ అది. బంగారు జుట్టుగల వేశ్య మరీ, వడ్రంగి మాందా అనువారి ప్రేమకథ. కడపట మాందాకు మరణశిక్ష పడును. తెల్లవాఱుజామున మరీ యెదుటి యింటి కిటికీనుండి వధ్యస్థానమును చూచుచుండును. ఏడుపు లేదు, కేక లేదు. కత్తి పడిన క్షణమున ఆమె తల వాలును; అంతే. ఈ చిత్రము స్వదేశమున మొదట ఆదరణ పొందలేదు; ఆంగ్లేయులు దానిని మెచ్చి పరదేశపు ఉత్తమ నటిగా ఆమెకు బహుమాన మిచ్చిరి. పిదప ఫ్రెంచివారును కన్నులు తెఱచిరి. కార్నే తీసిన ‘తెరేజ్ రాకేన్’ 1953 లోను, క్లూజో తీసిన ‘లే ద్యాబొలీక్’ 1955 లోను వెలువడినవి.

రాజకీయములలో ఆమె తొలి చేవ్రాలు అణ్వాయుధములను నిషేధింపవలెనని కోరిన 1950 నాటి స్టాక్‌హోమ్ విజ్ఞప్తిపై చేసినది. దాని ఫలముగా అమెరికా ప్రభుత్వము ఆ దంపతులకు చాలకాలము ప్రవేశానుమతి నిరాకరించినది. అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుచున్న దినము లవి. 1953 లో రోజెన్‌బర్గ్ దంపతులు విద్యుదాసనమున ప్రాణము విడిచిరి. ఆ మరుసటి సంవత్సరము ఆర్థర్ మిల్లర్ నాటకమును ‘సేలము మంత్రగత్తెలు’ అను పేర పారిసులో ప్రదర్శించినపుడు సిమోన్, మోంతాన్ దంపతులే నాయికానాయకులు. తప్పుడు నేరము నొప్పుకొని ప్రాణము నిలుపుకొనుటయా, నిజము పలికి ఉరికంబ మెక్కుటయా యన్న ఆ నాటకపు సమస్య ప్రేక్షకులకు మూడువందల యేండ్ల నాటి కథగా తోచలేదు. సార్త్ర్ వ్రాసిన కథనముతో అది 1957 లో చలనచిత్రముగా కూడ వచ్చెను.

1956 లో హంగరీ ప్రజల తిరుగుబాటును సోవియటు సేనలు అణచివేసెను. మోంతాన్ సోవియటు దేశమున పాడుటకు అంతకుముందే ఒప్పుకొనియుండెను. పోవలెనా, మానవలెనా యని పారిసులో పెద్ద రచ్చ చెలరేగెను. పోయినచో హంగరీ రక్తమును మన్నించినట్లు. మానినచో శాంతిపక్షమును విడిచినట్లు. వారు పోయిరి. మాస్కోలో క్రుశ్చేవు మొదలగు నాయకులు వారిని విందుకు పిలిచినపుడు, ఆ భోజనపు బల్లయొద్దనే హంగరీని గూర్చి వారిని ప్రశ్నించిరి. ప్రశ్నించినందువలన హంగరీకి ఏమియు మేలు కలుగలేదు. తిరిగివచ్చిన దంపతుల మనసులలో మాత్రము పాత విశ్వాసము చెక్కుచెదరక నిలువలేదు. ఆ ప్రయాణము సరియైనదా యన్నచో మేము ‘ఔను’ అని చెప్పజాలము. వారును అటుపిమ్మట నట్లు చెప్పలేదు.

1959 లో ఆంగ్ల దర్శకుడు జాక్ క్లేటన్ తీసిన ‘రూమ్ ఎట్ ది టాప్’ వెలువడెను. డబ్బుగల యింటి పిల్లను పెండ్లాడి పైకెక్కదలచిన యువకుడు, అతనిని నిజముగా ప్రేమించిన వయసు మీఱిన వివాహిత ఆలిస్. యువకుడు నిచ్చెన యెక్కును. ఆలిస్ ప్రాణము విడుచును. వర్గభేదములతో కుళ్లిన సంఘపు కథ. ఈ పాత్రకు కాన్ ఉత్సవమునను, బ్రిటనులోను, తుదకు అమెరికాలోను ఉత్తమ నటి బహుమానములు వచ్చినవి. ప్రవేశానుమతి నిరాకరించిన దేశమే బంగారు బొమ్మ నిచ్చి సత్కరించినది. లోకపు తీరు ఇట్లుండును.

ఇపుడు ఆ చేవ్రాలు సంగతి. 1830 నుండి ఫ్రాన్సు అల్జీరియాను ఆక్రమించియుండెను. అది మాకు వలసరాజ్యము కాదు, మా దేశములో భాగమే యని ఫ్రెంచివారు వాదించుచుండిరి. దాదాపు తొంబది లక్షల ముస్లిము ప్రజలమీద పది లక్షల వలసదారుల యాధిపత్యము దానికి నిజమైన పేరు. 1954 నవంబరు 1 వ తేదీన అల్జీరియా జాతీయ విమోచనపక్షము సాయుధ తిరుగుబాటు ప్రారంభించెను. ఈ తేదీని తెలుగు పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు మన గోదావరి తీరపు యానాము పరిపాలనము ఫ్రెంచివారి చేతినుండి భారతదేశమునకు వచ్చినదియు సరిగా నా దినముననే. యానాములో దడాల రఫేల్ రమణయ్య మొదలగువారి యుద్యమము 1954 జూన్ 13 ననే ఫ్రెంచి పాలనను తొలగించియుండెను. ఇచ్చట కాగితములతో ముగిసిన పని, అచ్చట ఏడున్నర యేండ్ల నెత్తుటితో గాని ముగియలేదు.

అంతియే కాదు. యానాము మున్నగు స్థలములను చట్టరీత్యా అప్పగించు సంధి 1956 మే 28 నాడే వ్రాలుపడినను, ఫ్రెంచి శాసనసభ దానిని ఆఱు సంవత్సరములు మూలబెట్టినది. ఒక చోట విడుచుకొన్నచో రెండవచోట అడుగుదురన్న భయమే దానికి కారణము. 1962 జూలై 5 న అల్జీరియా స్వతంత్రమైన తఱువాతనే, ఆగస్టు 16 న, యానాము చట్టరీత్యా మనదయ్యెను. కనుక అల్జీరియా పోరాటము మనకు దూరపు చుట్టము కాదు. ఆ ప్రజల విముక్తికై పారిసులో గొంతెత్తినవారు, తమకు తెలియకుండగనే యానాము వీథుల లెక్కను కూడ తేల్చిపెట్టినవారైరి.

ఆ యుద్ధమునకు ఇరువదేండ్ల ఫ్రెంచి బాలురను నిర్బంధముగా పంపుచుండిరి. సైన్యము బందీలను చిత్రహింసలు పెట్టుచున్నదని సాక్ష్యములు వచ్చినవి. వానిని ప్రకటించిన ఆంరీ అలెగ్ గ్రంథమును ప్రభుత్వము 1958 లో జప్తుచేసెను. అల్జీరియా వీరులకు సాయపడిన ఫ్రెంచి యువజనులపై 1960 సెప్టెంబరు 5 న సైనిక న్యాయస్థానమున విచారణ మొదలయ్యెను. ఆ మఱునాడు నూట యిరువదియొక్కరి ప్రకటన వెలువడెను. అల్జీరియా ప్రజలపై ఆయుధము పట్టుటకు నిరాకరించువారిని తాము గౌరవింతు మనియు, పీడితులగు అల్జీరియనులకు సాయపడు ఫ్రెంచివారి నడవడి న్యాయమైన దనియు, వలసపాలనను కూల్చు ఆ పోరాటము స్వతంత్ర మానవులందఱి పోరాట మనియు దాని సారాంశము. సార్త్ర్, సిమోన్ ద బువ్వార్, మోరిస్ బ్లాంషో, ‘వెర్కోర్’ మొదలగు రచయితలతోపాటు సిమోన్ సిన్యోరే దానిపై వ్రాలుచేసెను. భర్త మోంతాన్ చేయలేదు. ఇది కుటుంబపు చేవ్రాలు కాదు. ఒక వ్యక్తి మనస్సాక్షి చేసినది.

ప్రభుత్వము ఊరకుండలేదు. వ్రాలుచేసినవారు ప్రభుత్వ రేడియోలోను టెలివిజనులోను కనబడరాదని, వినబడరాదని నిషేధించెను. ప్రభుత్వ సహాయముతో నడచు నాటకశాలలు వారికి మూసెను. ఉపాధ్యాయులను కొలువులనుండి తప్పించెను. ప్రకటన పాఠమును అచ్చువేయ వీలులేకపోవుటచే సార్త్ర్ పత్రిక ‘లే తాఁ మొదేర్న్’ ఆ పుటలను తెల్లగా విడిచినది. ఆ తెల్ల కాగితపు భాష మనకు క్రొత్త కాదు. 1975 నాటి అత్యయిక స్థితిలో మన దేశపు పత్రికలు కొన్ని సంపాదకీయ స్థలమును తెల్లగా విడిచి, చెప్పవలసినదంతయు చెప్పినవి. అయితే నిషేధము పిఱికివారిని పుట్టించుటకు బదులు క్రొత్త చేవ్రాళ్లను పుట్టించెను. ఆ పట్టిక రెండు వందలు దాటినది.

ఈ సందర్భమున మేము అతిశయోక్తి చేయదలచలేదు. అల్జీరియాకు స్వాతంత్ర్యము తెచ్చినది అల్జీరియనులు. వారు ప్రాణములొడ్డిరి. ఆయుధము పట్టనన్న పేద ఫ్రెంచి సిపాయి చెఱసాలకు పోయెను. అట్టివాని త్యాగముతో పోల్చినచో, ప్రపంచప్రసిద్ధి గల నటీమణి కోల్పోయినది తక్కువయే. ఆంగ్లేయులయు అమెరికనులయు చిత్రములు ఆమెకు తెఱచియే యుండెను. కాని ఆ సిపాయి పేరెవరికిని తెలియదు. ఆమె పేరు ప్రతి గ్రామపు సినిమాశాలలోను తెలియును. ‘దేశద్రోహులు’ అన్న ముద్రను ప్రభుత్వము ఎవరెఱుగని కుఱ్ఱవానిమీద సులువుగా వేయగలదు; ప్రజలు ప్రేమించు నటిమీద అంత సులువుగా వేయజాలదు. కీర్తికి గల సదుపయోగము ఇదియే. ఆమె కీర్తిని అప్పుతెచ్చుకొన్న ధనముగా నెంచి, అవసరమైననాడు ప్రజల పనికి చెల్లించినది.

తఱువాతి కాలమున ఆమె యెన్నుకొన్న పాత్రలలో ఈ జీవితానుభవమంతయు కానవచ్చును. 1969 లో మెల్విల్ తీసిన ‘నీడల సైన్యము’ జర్మనుల ఆక్రమణకాలపు రహస్యోద్యమ కథ. అందామె మతీల్ద్. ఇంటిలో సామాన్య గృహిణి; బయట ఉద్యమమునకు వెన్నెముక. ఆమె చేసిన తప్పొకటే: కుమార్తె ఛాయాచిత్రమును సంచిలో నుంచుకొనుట. శత్రువు చేతికి చిక్కినపుడు ఆ చిత్రమే ఆమె మెడకు ఉరియగును. కడకు తన సహచరులే తనను చంపవలసివచ్చిన క్షణమున, వారిని గుర్తించి ఆమె చూచిన చూపు మఱపునకు రాదు. అందు భయమున్నది, నింద లేదు. ఆక్రమణకాలమున శత్రువు పత్రికలో టైపు కొట్టిన ఆ పందొమ్మిదేండ్ల పిల్ల, నలువదియెనిమిదవ యేట ఈ పాత్రతో తన ఋణము తీర్చుకొన్నదేమో యని మాకు తోచును.

మఱుసటి యేడు కోస్తా గావ్రాస్ తీసిన ‘నేరాంగీకారము’ వచ్చెను. 1952 లో చెకొస్లొవాకియాలో పదునలుగురు కమ్యూనిస్టు నాయకులను తప్పుడు నేరములు మోపి విచారించి, పదునొకండుగురిని ఉరితీసిరి. బ్రతికిన మువ్వురిలో నొకడగు ఆర్తుర్ లండన్ కథ యిది. మోంతాన్ ఆ బందీగాను, సిమోన్ అతని భార్యగాను నటించిరి. పార్టీ తప్పుచేయదని నమ్మి, భర్తయే ద్రోహి యని యొప్పుకొన్న భార్య పాత్ర అది. ఒకనాడు మాస్కో విందులో కూర్చున్న దంపతులు తమ పాత విశ్వాసపు గాయమును ఇట్లు లోకముముందు విప్పి చూపిరి. అమెరికా మంత్రగత్తెల వేటను ఖండించిన నోటితోనే తూర్పు దేశముల వేటనుకూడ ఖండించిరి. న్యాయమునకు రెండు తూకపురాళ్లు వాడువారికి ఇది పాఠము. 1981 లో పోలండున ‘సాలిడారిటీ’ కార్మికసంఘమును సైనికపాలనము అణచినపుడును వారు ఆ కార్మికుల పక్షముననే నిలిచిరి.

ఆమె చేసినవన్నియు జయములు కావు. 1966 లో లండను రంగస్థలమున ఆలెక్ గిన్నెస్ సరసన మేక్బెత్ పత్ని వేషము కట్టి విమర్శకులచేత చీవాట్లు తినెను. పరభాషలో షేక్స్‌పియరు పద్యము నాలుకకు లొంగలేదు. ఆ పరాజయమును ఆమె దాచుకొనలేదు.

తారలు వయసును దాచుట యొక వృత్తిధర్మముగా మారిన కాలమున, ఆమె వయసును దాచలేదు. శరీరము బరువెక్కెను, ముఖమున ముడుతలు పడినవి, కండ్లక్రింద సంచులు జారినవి. ఆమె వానిని పాత్రలకు మూలధనముగా వినియోగించెను. 1971 లో జాఁ గాబేన్‌తో నటించిన ‘పిల్లి’ చిత్రమున, ఒకే కప్పుక్రింద మాటలాడుకొనక ద్వేషముతో బ్రతుకు వృద్ధదంపతులుగా ఇద్దఱును బెర్లిను బహుమానము పొందిరి. 1977 లో వచ్చిన ‘ముందున్న జీవితము’ ఆమె వృద్ధాప్యపు శిఖరము. అందామె మదాం రోజా: ఔష్విట్జ్ నరకమునుండి బ్రతికివచ్చిన యూదురాలు, ఒకప్పటి వేశ్య, ఇపుడు పారిసు పేదపేటలో ఆఱవ అంతస్తున వేశ్యల బిడ్డలను సాకుచుండును. ఆమెకు తుదివఱకు తోడు నిలుచువాడు మోమో అను అరబ్బు బాలుడు. ఈ పాత్రకు ఫ్రాన్సున సెజారు బహుమానము లభించెను. చిత్రమునకు పరభాషాచిత్రపు ఆస్కారు లభించెను. అరబ్బు ప్రజల విడుదలకై వ్రాలుచేసిన యూదుని కుమార్తె, అరబ్బు బిడ్డను ఒడిలో నుంచుకొన్న యూదుతల్లిగా తెఱపై నిలిచినది. ఇది కథకుని కల్పనయే. కాని ఆ నటి దానికి సాక్ష్యము చెప్పదగినది.

ఆమె కడపటి సంవత్సరములు కష్టముతో గడచినవి. చూపు మందగించెను, కర్కటకవ్యాధి పట్టుకొనెను. అయినను 1985 లో ‘అద్యూ వొలోద్యా’ అను పెద్ద నవలను ప్రకటించెను. ఉక్రెయిను, పోలండుల నుండి పారిసునకు వలసవచ్చిన యూదు కుట్టుపనివాండ్ర కుటుంబముల కథ అది; ఒకనాడు దాచవలసివచ్చిన తండ్రి వంశమునకు ఆమె తీర్చిన తర్పణము. జర్మనుల నెదిరించి ప్రాణములొడ్డిన వలసకూలీలను గూర్చి తీసిన యొక వాస్తవచిత్రమునకు వ్యాఖ్యానము చదివి, అది టెలివిజనులో ప్రసారము కావలెనని పట్టుపట్టినవారితో నిలిచెను. 1985 సెప్టెంబరు 30 న, నార్మండీలోని ఓతోయ్ గ్రామపు గృహమున, అఱువదినాల్గవ యేట కన్నుమూసెను. పారిసునందలి పేర్ లాషేజ్ శ్మశానమున ఆమెను ఖననము చేసిరి. 1991 లో మోంతాన్‌ను కూడ ఆ ప్రక్కనే ఉంచిరి.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. నటులకు రాజకీయములతో నేమి పని? రైతునకు, ఉపాధ్యాయునకు, పత్రికారచయితకు ఏమి పనియో నటునకును అదియే పని. పౌరుడుగా పుట్టినవాడు వృత్తి పేర పౌరత్వమును విడుచుకొనజాలడు. అయితే నటుని మాట బహుదూరము పోవును గనుక ప్రజలు అతనిని రెండు విషయములలో పరీక్షింపవలెను. అతని మాట బలవంతుని బలమును పెంచుచున్నదా, బలహీనునకు తోడగుచున్నదా యనునది మొదటిది. తాను పొరబడిననాడు ఆ పొరబాటును తన నోటనే చెప్పుకొనుచున్నాడా యనునది రెండవది. మన సినిమాతారలకు అభిమానసంఘములు కట్టి, పాలాభిషేకములు చేసి, వోట్లు కూడ వేయు తెలుగువారికి ఈ పరీక్ష మఱింత అవసరము. సిమోన్ సిన్యోరే మొదటి పరీక్షలో ఒకటి రెండు పర్యాయములు తడబడెను. రెండవ పరీక్షలో ఎన్నడును తప్పలేదు. అందుచేతనే 1960 నాటి ఆమె చేవ్రాలునకు నేటికిని విలువ యున్నది.